సారం దగ్గరే ఆగిపోతున్న ఔషధ మొక్కల పరిశోధన: శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఉష్ణమండల ఔషధ మొక్కల మీద వస్తున్న పరిశోధనా పత్రాలలో చాలావాటిది ఒకే దారి. ఆకు ఎండబెట్టి, మిథనాల్‌లో నానబెట్టి, ఆ సారాన్ని డీపీపీహెచ్ అనే రసాయనపు ఊదారంగు ద్రావణంలో కలుపుతారు. రంగు పసుపుకు తిరిగితే యాంటీఆక్సిడెంట్ గుణం ఉందని రాస్తారు. ఇలా రంగు మార్చే పాలీఫినాల్స్ అనే పదార్థాలు లేని ఆకు అరుదు కనుక రంగు మార్చని ఆకూ అరుదే. క్యాన్సర్ కణాల మీద పరీక్షలూ చాలావరకు ఇంతే. మోతాదు పెంచుతూ పోతే వంట ఉప్పు కూడా గాజు పాత్రలోని కణాలను చంపుతుంది. అదే మోతాదు మామూలు కణాలను ఏం చేసిందో చాలా పత్రాలు చెప్పవు.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. సారాన్ని భాగాలుగా విడదీసి, గుణం ఏ భాగంలో ఉందో చూసి, దాన్ని మళ్లీ విడదీస్తూ ఒక్క సమ్మేళనం దాకా వెళ్లాలి. ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే విశ్లేషణ పద్ధతులతో దాని నిర్మాణం తేల్చాలి. నెలల శ్రమ తర్వాత అది ఎన్నో మొక్కల్లో ఉండే, ఎప్పుడో తెలిసిన క్వెర్సెటిన్ అనే సమ్మేళనమేనని బయటపడవచ్చు. ఈ దశకు నిధులూ గడువూ ఉండవు. పత్రాల లెక్క చూసే అధికారికి ఇది పనిలాగే కనిపించదు.

బిళ్లగన్నేరు చరిత్ర చూడండి. మధుమేహానికి వాడతారని విని 1950లలో కెనడాలో దాని ఆకులను పరీక్షించారు. ఎలుకల రక్తంలో చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు తగ్గాయి. పరిశోధకులు ఫైలు మూసేయకుండా ఆ తగ్గుదల వెంటపడితే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకులు కావాలి. అంత తక్కువ పాళ్లలో ఉన్నదాన్ని రంగు మారే పరీక్ష ఎలా పట్టిస్తుంది?

మొక్క గుర్తింపు విషయంలో ఇంకా నిర్లక్ష్యం. 1987లో మలేషియాలోని సారవాక్ అడవిలో సేకరించిన ఒక కలోఫిల్లం చెట్టు సారం హెచ్‌ఐవీ మీద పనిచేసింది. మరింత సేకరించడానికి తిరిగి వెళ్లేసరికి ఆ చెట్టును నరికేశారు. అదే జాతివి అనుకున్న వేరే చెట్లలో ఆ గుణం సరిగా కనిపించలేదు. చివరికి సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో సరైన రకం దొరికింది. హెచ్‌ఐవీ మీద పనిచేసే కెలనొలైడ్-ఎ అనే సమ్మేళనం అలా దక్కింది. గుర్తింపు కోసం ఎండబెట్టి భద్రపరిచే హెర్బేరియం నమూనా లేకుండా, బజారులో కొన్న ఎండుటాకు పొడితో పరిశోధన చేసేవారికి ఆ అదృష్టం కూడా ఉండదు. తాము పరీక్షించింది ఏ మొక్కో వారికే తెలియదు.

అందుకే నిధులకు కొన్ని షరతులు పెట్టమని కోరుతున్నాను. సేకరించిన చోటు వివరాలతో హెర్బేరియం నమూనా భద్రపరచనిదే మొదటి విడత ఇవ్వవద్దు. సారంతో ఆగే ప్రాజెక్టులను తగ్గించి, సమ్మేళనం దాకా వెళ్లేవాటికి కనీసం ఐదేళ్ల గడువు ఇవ్వండి. ఖరీదైన పరికరాలను ఒక సంస్థలో తాళం వేసి ఉంచకుండా చిన్న కళాశాలల నమూనాలకూ అందుబాటులోకి తెండి. పనిచేయని సారాల వివరాలనూ ప్రచురించాలనండి, మరొకరు అదే ఆకును మళ్లీ నానబెట్టకుండా ఉంటారు. మొక్క ఉపయోగం చెప్పిన స్థానికులకు రాబడిలో ఎంత వాటానో సేకరణకు ముందే రాతపూర్వకంగా తేల్చాలి. జీవవనరుల లాభాల పంపకంపై అంతర్జాతీయంగా కుదిరిన నగోయా ఒప్పందం 2014 నుంచి అమలులో ఉంది కనుక ఇది దయతో చేసే పని కాదు.

ఈ షరతులు పెడితే దరఖాస్తులు తగ్గుతాయని మీ అధికారులు చెబుతారు. నిజమే. తగ్గనివ్వండి.

ఇట్లు,
మొక్కల రసాయన శాస్త్రంలో పనిచేస్తున్న ఒక పరిశోధకుడు