తెలుగు కార్డులు ఇకపై పెద్ద సైజులోనే

మా షాపులో అచ్చేసే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ కథ అల్లుకుంటూ ఆడే ఆట) రిఫరెన్స్ కార్డుల, అంటే ఆటలో రూల్స్ చటుక్కున చూసుకునే కార్డుల, రేటు ఎందుకు పెంచారని వాట్సాప్‌లో చాలామంది అడుగుతున్నారు. కాగితం ధర మీదికి నెట్టేస్తే మాకు తేలికే. కానీ అసలు సంగతి అది కాదండీ, తెలుగు కార్డుల సైజు మార్చాం.

ఇంతవరకూ అన్నీ 63 × 88 మి.మీ.లో, అంటే ఇంచుమించు పేకముక్కంత వేసేవాళ్లం. ఇంగ్లిష్‌కి ఆ సైజు దివ్యంగా సరిపోతుంది. మన అక్షరానికేమో పైన గుడి, కింద ఒత్తు. లైన్ల మధ్య జాగా వదలక తప్పదు. ఇరికిద్దామని 7 పాయింట్లకి దిగితే ఒత్తులు పూడుకుపోతాయి. ఫైట్ మధ్యలో ఒక్క చూపులో చదవాల్సిన కార్డు అది. కళ్లు చికిలించి చదవడానికైతే రూల్‌బుక్కే ఉంది కదా! అందుకే 70 × 120 మి.మీ.కి మారాం. 13 × 19 అంగుళాల షీటు మీద, కటింగ్‌కి అంచు వదిలాక, చిన్నవి 18 వేసేవాళ్లం, పెద్దవి 12 వేస్తున్నాం. అంటే 36 కార్డుల సెట్టుకి రెండు షీట్లు పోయేచోట ఇప్పుడు మూడు. పెరిగిన రేటంతా ఆ మూడో షీటుదే.

‘ఒకవైపే లామినేషన్ చేసి తగ్గించండి’ అంటున్నారు. వైజాగ్ గాలికి అది నిలవదు. ఫిల్మ్ ఉన్న వైపు తేమ పీల్చదు, లేని వైపు పీల్చి ఉబ్బుతుంది, కార్డు విల్లులా వంగుతుంది. బీచ్ రోడ్డు ఇళ్లలో మరీను. చేస్తే రెండువైపులా చేయాలి, లేదా మామూలు కార్డుని స్లీవ్‌లో (పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులో) పెట్టుకోవాలి. నన్నడిగితే స్లీవే మేలు, మాకు లామినేషన్ డబ్బులు రాకపోయినా సరే.

ఆర్డర్‌లో ‘ఫిఫ్త్ ఎడిషన్’ (ఆట ఐదో కూర్పు) అని రాస్తే సరిపోదు, అందులో రెండు రకాల రూల్స్ ఉన్నాయి. 2014 రూల్సా, 2024 రూల్సా చెప్పండి. ఎగ్జాషన్ (పాత్ర అలసట) కార్డే చూడండి: 2014లో ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకి ఒక్కో దెబ్బ. 2024లో ప్రతి మెట్టుకీ డీ20 టెస్టులో, అంటే 20 ముఖాల పాచిక వేసి చూసే పరీక్షలో, 2 తగ్గుతుంది, స్పీడు 5 అడుగులు తగ్గుతుంది. ఆరో మెట్టు మీద చావు మాత్రం రెండింట్లోనూ ఖాయం.

కార్డు అడుగున ఉండే చిన్న క్రెడిట్ లైను తీసేయమనకండి. మేం వాడేది ఎస్ఆర్‌డీలో, అంటే ఆట కంపెనీ ఉచితంగా పెట్టిన రూల్స్ పత్రంలో, ఉన్న రూల్సే. 2014 రూల్స్ పత్రాన్ని 2023 జనవరిలో, 2024 రూల్స్ పత్రాన్ని 2025 ఏప్రిల్‌లో క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్స్ కింద విడుదల చేశారు. ఎవరైనా ముద్రించి అమ్ముకోవచ్చు, అది ఎవరిదో పేరు చెప్పడమే షరతు. ఆటలోని బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ అనే రాక్షసుల వివరాలు వాటిలో లేవు, కాబట్టి మా సెట్లలోనూ ఉండవు. కంపెనీ రూల్‌బుక్ పేజీలు స్కాన్ చేసి పంపితే వేయం, ఎంతిస్తామన్నా. మీరు సొంతంగా అల్లుకున్న రాక్షసులు, ఆయుధాలు అయితే ఎన్నైనా పంపండి. నిజానికి మాకు సరదా పుట్టించేవి అవే.

మ్యాటర్ యూనికోడ్‌లో ఉండాలి, వాట్సాప్‌లో టైపు చేసినా చాలు. డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టించి తెస్తే మా సాఫ్ట్‌వేర్‌లో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. మళ్లీ మొదట్నుంచీ కొట్టాలి, దానికి చార్జి వేరు.

ఇంగ్లిష్ కార్డుల సైజూ రేటూ మారలేదు. తెలుగు సెట్టుకి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి పెద్ద సైజు కార్డులే పాత రేటుకి ఇస్తాం. చిన్నవే కావాలని పట్టుబట్టేవాళ్లు ముందు షాపుకొచ్చి రెండు శాంపిళ్లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. అప్పటికీ చిన్నవే కావాలంటే అడ్వాన్స్ వాపసు ఇచ్చేస్తాం.