ఒరిజినల్ అని చెప్పి నకిలీ నోస్‌క్యాప్ పంపినందుకు ఫిర్యాదు

యజమాని గారికి,

విషయం: లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 రైఫిల్ నోస్‌క్యాప్ (మూతి దగ్గర బ్యారెల్ చుట్టూ ఉండే ఇనుప తొడుగు) సెట్ వాపసు, పూర్తి డబ్బు తిరిగి చెల్లింపు.

ఆర్డర్ పెట్టే ముందు ఫోన్ చేసినప్పుడు మీరే ఎత్తారు. నా పేరు వినగానే తెలుగులో పలకరించి, టెక్సస్‌లో మనవాళ్ళు ఇలాంటి పాత రైఫిల్ బాగుచేసుకుంటున్నారంటే సంతోషంగా ఉందన్నారు. ఇంగ్లిష్‌లో పంపిన మెయిళ్ళకి మీ కస్టమర్ సర్వీస్ నుంచి ప్రతిసారీ ఒకే జవాబు వచ్చింది కాబట్టి, ఈసారి నేరుగా మీకే తెలుగులో రాస్తున్నాను.

నా రైఫిల్ 1943లో బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇలాంటి మిలిటరీ రైఫిళ్ళు అమెరికాలోకి చాలా చవగ్గా వచ్చిపడ్డాయి. కొన్నవాళ్ళు జింకల వేటకి తేలిగ్గా ఉండాలని ముందు చెక్కని సగానికి కోసేసి, మూతి దగ్గరున్న ఇనుప భాగాలన్నీ ఊడదీసి పారేసేవారు. నా రైఫిల్‌కీ అదే జరిగింది. అదృష్టవశాత్తూ బ్యారెల్ జోలికి ఎవరూ పోలేదు, మొత్తం 25.2 అంగుళాలూ ఉంది. ఈ కొలత మీకు ఫోన్లో చెప్పాను, ఆర్డర్‌లో రాశాను కూడా. "అయితే ఏ ఇబ్బందీ లేదు, సరిగ్గా కూర్చుంటుంది" అన్నది మీ మాట.

మీ పేజీలో ఉన్న వివరణ ఇది: ఒరిజినల్ మిలిటరీ సర్‌ప్లస్, వాడినది, అన్ని లీ ఎన్‌ఫీల్డ్‌లకీ సరిపోతుంది. మూడింటిలో ఒక్కటీ నిజం కాదు.

నాకు వచ్చిన భాగం ఈమధ్య పోత పోసినది. అంచు వెంట అచ్చు రెండు ముక్కలు కలిసిన గీత స్పష్టంగా కనిపిస్తోంది. పాత నోస్‌క్యాప్‌ల మీద తనిఖీ ముద్రలు ఉంటాయి, చాలావాటిమీద ఆ రైఫిల్ నంబరు కూడా కొట్టి ఉంటుంది. మీ పేజీలో పెట్టిన ఫొటోలో ఆ ముద్రలన్నీ ఉన్నాయి. నాకు పంపిన దానిమీద ఒక్క అక్షరం లేదు. అంటే ఒక వస్తువు ఫొటో చూపించి ఇంకో వస్తువు పంపారు. కొత్తగా చేసినది అమ్మడం తప్పేమీ కాదు. కొత్తదని చెప్పి, దానికి తగ్గ ధర పెట్టి అమ్మితే అవసరమైనవాళ్ళు కొనుక్కుంటారు. ఒరిజినల్ ధర తీసుకుని ఇది ఇవ్వడమే మోసం.

ఇక సరిపోవడం సంగతి. బ్యారెల్ దూరాల్సిన రంధ్రం మధ్యలో లేదు. కాలిపర్‌తో కొలిస్తే కుడి గోడకీ ఎడమ గోడకీ దాదాపు ఒక మిల్లీమీటరు తేడా వచ్చింది. దాంతో బ్యారెల్ ఎడమవైపు ఇనుముకి గట్టిగా రాసుకుంటోంది. ఈ రైఫిల్ పనితీరు తెలిసిన ఎవరికైనా దీని అర్థం తెలుస్తుంది. చెక్కలో నోస్‌క్యాప్‌కి కాస్త వెనక చిన్న స్ప్రింగు, దానిమీద ఒక స్టడ్ ఉండి బ్యారెల్‌ని కింది నుంచి పైకి నెడతాయి. పక్కల నుంచి మాత్రం ఏదీ నెట్టకూడదు. ఒక పక్క ఇనుము ఒత్తుతుంటే గుండు గురి తప్పి పక్కకి పోతుంది, బ్యారెల్ వేడెక్కేకొద్దీ ఆ తేడా మారుతూ ఉంటుంది. ఈ రైఫిల్‌కి బయొనెట్‌ని బ్యారెల్‌కి కాకుండా నోస్‌క్యాప్‌కే తగిలించేలా చేశారు. 17 అంగుళాల కత్తి బరువు బ్యారెల్ మీద పడకుండా ఆ రోజుల్లోనే అంత జాగ్రత్త తీసుకున్నారు. నా దగ్గరున్న 1907 నమూనా బయొనెట్ ఉంగరం మీ నోస్‌క్యాప్ మొనకి ఎక్కనే లేదు. మొన లావుగా ఉంది. సెట్‌తో పంపిన స్క్రూలు మెట్రిక్ మరవి. ఎన్‌ఫీల్డ్ స్క్రూల మరలు ఆ ఫ్యాక్టరీల సొంత లెక్కవి, ఇప్పటి మెట్రిక్ స్క్రూ వాటిలోకి ఎక్కదు. బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుంది.

దీనికి మీ కస్టమర్ సర్వీస్ ఇచ్చిన జవాబు: "మీది కస్టమ్ రైఫిల్. కస్టమ్ వాటికి కొంచెం అరగదీసుకోవడం మామూలే. గన్‌స్మిత్‌తో రంధ్రం పెద్దది చేయించుకోండి. ఒకసారి అరగదీశాక మాత్రం వాపసు ఉండదు."

లోపం రైఫిల్‌లో ఉందేమోనన్న అనుమానం నాకూ రాకుండా లేదు. అందుకే మా షూటింగ్ క్లబ్‌లో ఒకాయన దగ్గరున్న లిత్‌గో రైఫిల్‌తో సరిచూశాను. అది ఆస్ట్రేలియాలో తయారైంది, ఒక్క భాగం కూడా మార్చలేదు. దాని నోస్‌క్యాప్ తీసి నా రైఫిల్‌కి పెడితే ఆకురాయి (ఫైలు) ముట్టకుండానే చక్కగా కూర్చుంది, బ్యారెల్ పక్కలకి ఎక్కడా తగల్లేదు. మీరు పంపినది ఆయన రైఫిల్‌కి పెడితే అదే ఎడమవైపు అదే రాపిడి. ఒక రైఫిల్ బెంగాల్‌లో, ఇంకొకటి న్యూ సౌత్ వేల్స్‌లో తయారైనా భాగాలు మార్చుకోగలిగాయి. రెండింటికీ కుదరనిది మీ భాగం ఒక్కటే. ఆయన ఎదుటే తీసిన ఫొటోలు ఈ లేఖతో పంపుతున్నాను.

"అన్ని లీ ఎన్‌ఫీల్డ్‌లకీ" అన్న మాట పేజీలోంచి వెంటనే తీసేయండి. నంబర్ 4 రైఫిల్‌కి అసలు ఇలాంటి నోస్‌క్యాప్ ఉండదు. దాని బ్యారెల్ చెక్క దాటి బయటికి వస్తుంది, బయొనెట్ ఆ బ్యారెల్‌కే తగులుతుంది, ఫ్రంట్ సైట్‌కి (గురి చూసే ముందు ముల్లుకి) రక్షణగా ఉండే రెక్కలు విడి భాగం. నంబర్ 5 జంగిల్ కార్బైన్‌కి మూతి దగ్గర గరాటు ఆకారంలో ఫ్లాష్ హైడర్ (కాల్చినప్పుడు వచ్చే మంట వెలుగుని తగ్గించే భాగం) ఉంటుంది, ఫ్రంట్ సైట్ కూడా దానిమీదే. మూడూ వేర్వేరు. ఈ తేడా తెలియని ఒక కుర్రాడు మీ పేజీ నమ్మి నంబర్ 4కి దీన్ని ఎక్కించాలని బ్యారెల్‌నో ఫ్రంట్ సైట్‌నో కోసేస్తే, మీరు డబ్బు తిరిగిచ్చినా ఆ రైఫిల్ తిరిగి రాదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఈ అరగదీయమనే సలహానే. ఈ రైఫిళ్ళు పాడైంది ఎవరికి తోచినట్టు వాళ్ళు కోసి, అరగదీసి, డ్రిల్లు వేయడం వల్లే. వాటిని మళ్ళీ మొదటి రూపానికి తెద్దామని మాలాంటివాళ్ళు పాత చెక్క, పాత స్క్రూలు ఒక్కొక్కటే వెతికి పోగేస్తుంటాం. పారేసిన నోస్‌క్యాప్‌లు తిరిగిరావు కాబట్టి దొరికిన ప్రతి అసలు భాగానికీ విలువ ఎక్కువ. ఆ కొరతని చూసి వ్యాపారం చేస్తున్న మీరే మళ్ళీ ఫైలు చేతికివ్వడం నాకు బాధగా ఉంది.

నాకు ఈ రైఫిల్ గోడకి తగిలించుకునే అలంకారం కాదు. మాది పశ్చిమ గోదావరి, మిలిటరీ మాధవరానికి దగ్గర ఊరు. మా తాతయ్య సైన్యంలో మోసింది ఈ .303 రైఫిల్‌నే. 1962లో చైనా సరిహద్దులో మన జవాన్ల చేతుల్లో ఉన్నదీ అదే. ఇండియాలో ఇది ప్రొహిబిటెడ్ బోర్, మామూలు లైసెన్స్ మీద దొరకదు. ఇక్కడ చట్టప్రకారం కొనుక్కునే వీలుంది కాబట్టి, ఇషాపూర్ ముద్ర ఉన్నది కోరి మరీ తీసుకున్నాను. తాతయ్య చేతిలో ఎలా ఉండేదో అలా ఉండాలన్నదే నా పట్టుదల.

అందుకని అడుగుతున్నాను. నేను కట్టిన మొత్తం, రెండు వైపులా షిప్పింగ్ ఖర్చుతో సహా తిరిగి ఇవ్వండి. భాగాన్ని నేను ఎక్కడా అరగదీయలేదు, గీత కూడా పడలేదు, వచ్చిన పెట్టెలోనే ఉంది. పేజీలో ఒరిజినల్ అన్న మాట తీసి, పోత పోసిన కొత్త భాగమని రాయండి. రంధ్రం వ్యాసం, మొన వ్యాసం, స్క్రూ మర ఏ రకమో కొలతలతో పెట్టండి. ఇదే సెట్ ఇంతకుముందు కొన్నవాళ్ళకి మీరే మెయిల్ పంపి, బ్యారెల్ ఒక పక్క తగులుతోందేమో చూసుకోమని చెప్పండి. మీ గోడౌన్‌లో నిజంగా పాత నోస్‌క్యాప్ ఉంటే, ముద్రలు కనిపించేలా ఫొటో, కాలిపర్ కొలతలు పంపండి. సరిపోతే డబ్బు బదులు దాన్నే తీసుకుంటాను.

ఈ నెలాఖరులోగా మీ నుంచి జవాబు రాకపోతే కార్డు కంపెనీ దగ్గర డిస్ప్యూట్ వేసి, టెక్సస్ అటార్నీ జనరల్ ఆఫీసు వినియోగదారుల విభాగానికి ఫొటోలతో సహా ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్
(ఆర్డర్ రసీదు, కొలతల కాగితం, ఫొటోలు జతపరిచాను)