విదేశాలకు వెళ్లేవాళ్లకు ఇకపై ఇక్కడి డిష్ బాక్సులు అమ్మం

కావలిలో మా షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ఒక పని మానేస్తున్నాం. కువైట్‌కో అమెరికాకో వెళ్తూ "అక్కడ మన చానళ్లు రావాలన్నా, ఒక బాక్సు ఇవ్వు" అని అడిగేవాళ్లకు ఇక్కడి సెట్ టాప్ బాక్సు అమ్మం. ఇప్పటిదాకా అలా అమ్మినవి 11. పనిచేస్తాయో లేదో ఖాయంగా తెలుసుకోకుండా అమ్మాను. అది నా తప్పు. ఆ డబ్బు వెనక్కి ఇస్తున్నాను.

విషయం బయటపడింది ఒక శుక్రవారం నాడు. ఉదయగిరి వైపు నుంచి వెళ్లి కువైట్‌లో డ్రైవరుగా చేస్తున్న తమ్ముడొకడు వీడియో కాల్ చేశాడు. నెలనెలా రీఛార్జ్ ఉండదని మా దగ్గర దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్ బాక్సు తీసుకెళ్లాడు. అక్కడ 90 సెంటీమీటర్ల డిష్ కొని, సెలవు చూసుకుని మేడ ఎక్కాడు. నేను షాపులో కూర్చుని "ఆగ్నేయం మూలకు తిప్పు, బాగా పైకెత్తు" అని చెబుతూ పోయాను. పద్దెనిమిదేళ్లుగా మా కుర్రాళ్లకు చెప్పే మాటే అది.

గంటన్నర గడిచాక గానీ నాకు తట్టలేదు. ఫ్రీ డిష్ చానళ్లు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. కావలి నుంచి చూస్తే నేల మీది నుంచి సుమారు 67 డిగ్రీల ఎత్తులో, నడినెత్తికి కాస్త ఇవతల. కువైట్ నుంచి చూస్తే 30 డిగ్రీల ఎత్తే, అదీ బాగా తూర్పుకు జరిగి. మన లెక్క అక్కడ ఎట్టా కుదురుతుంది?

డిష్ దించి, తూర్పుకు జరిపించాను. టీవీలో స్ట్రెంత్ గీత సగానికి లేచింది. "వచ్చిందన్నా!" అని అరిచాడు. కింద క్వాలిటీ గీత మాత్రం సున్నా దగ్గరే ఉంది. డిష్ ముందు సిగ్నల్ పట్టే ముక్క ఉంటుంది, ఎల్‌ఎన్‌బీ అంటాం. దానికి కరెంటు అందితే చాలు, స్ట్రెంత్ ఎంతో కొంత చూపిస్తుంది. బొమ్మ రావాలంటే క్వాలిటీ ఉండాలి. ఈలోగా ఎండకు ఫోను కాగిపోయి ఆగిపోయింది. నీడలో చల్లార్చుకుని మళ్లీ చేశాడు. నాలుగు గంటలయ్యాక "సర్లే అన్నా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అన్నాడు. వారానికి ఉన్న ఒక్క సెలవు నా మాట నమ్మి మేడ మీద ఎండలో గడిపాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఉపగ్రహం ఆకాశంలో కనబడితే సరిపోదు. ఇళ్ల మీద పెట్టే చిన్న డిష్‌లకు వచ్చేది కేయూ బ్యాండ్ సిగ్నల్. దాన్ని మన దేశం మీదే పడేలా పంపుతారు. గట్టు కట్టి నీళ్లు మన మడికే పెట్టుకున్నట్టు అనుకోండి. గట్టు పక్కన చెమ్మ తగిలినట్టు ఒమన్, దుబాయ్ వైపు కొంత అందుతుంది. అక్కడ పెద్ద డిష్ పెట్టి పట్టుకునేవాళ్లు ఉన్నారు. కువైట్ ఇంకా దూరం. ఆస్ట్రేలియాలో కూడా ఆ ఉపగ్రహం ఆకాశంలోనే ఉంటుంది, సిగ్నల్ మాత్రం అటు తిప్పి ఉండదు.

అమెరికా సంగతి వేరే. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల పైన ఉంటాయి. డల్లాస్‌లో నిలబడినవాళ్లకు జీశాట్-15 భూమికి అవతలి వైపు ఉంటుంది. భూమే అడ్డం. ఎంత పెద్ద డిష్ పెట్టినా రాదు. లండన్‌లోనూ అది దిగంతం కిందే.

"శ్రీహరికోట మన పక్కనే కదా, అక్కడి నుంచి ఎగిరిందే కదా" అని కొందరు అడుగుతారు. మేడ మీద నిలబడి రాకెట్టు చూసే ఊళ్లు మనవి, అలా అనుకోవడం సహజం. కానీ జీశాట్-15 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్టు మీద వెళ్లింది. ఇళ్ల డిష్‌లకు నేరుగా వచ్చే టీవీ (డీటీహెచ్) కోసమే చేసిన జీశాట్-24 కూడా 2022 జూన్‌లో అక్కడి నుంచే వెళ్లింది. ఎగిరిన చోటుకూ సిగ్నల్ పడే చోటుకూ సంబంధం లేదు.

నెలనెలా డబ్బు కట్టే కంపెనీల బాక్సులకు ఇంకో చిక్కు ఉంది. వాళ్ల లైసెన్సు మన దేశం వరకే. సిగ్నల్ దొరికే చోట కూడా ఆ బాక్సు విదేశంలో వాడుకోవడానికి ఇచ్చింది కాదు. మధ్యలో ఆపేస్తే మీ తరఫున అడగడానికి నాకు హక్కు లేదు.

మరి వెళ్లేవాళ్లు ఏం చేయాలి? ఇంటర్నెట్ తేలికైన దారి. దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మంది పెద్దవాళ్లు. నెల్లూరు రొట్టెల పండుగలో పిల్లలు విదేశాలకు వెళ్లాలని కోరుకుంటూ విదేశీ రొట్టె పట్టుకుని, ఆ పిల్లలు వెళ్లి స్థిరపడ్డాక కాన్పుకో మనవళ్లను చూసుకోవడానికో ఆరు నెలలు వెళ్తున్న అమ్మలు. పగలంతా కూతురూ అల్లుడూ ఆఫీసు పనిలో ఉంటారు. ఇంట్లో మాట్లాడే మనిషి ఉండరు. వాళ్లకు తెలుగు మాట వినబడే టీవీ చాలా అవసరం.

మొన్న కందుకూరు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. టెక్సాస్ ప్రయాణం. ఆమె అడిగినవి రెండే. పొద్దున వెంకటేశ్వరస్వామి చానల్, సాయంత్రం ఏడున్నర సీరియల్. మొదటిది తేలిక. టీటీడీ వాళ్లు 2008లో మొదలుపెట్టిన ఎస్వీబీసీ యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది, పైసా ఖర్చు లేదు. చాలా తెలుగు న్యూస్ చానళ్లూ అంతే. సీరియల్‌కు మాత్రం ఆ చానల్ యాప్ కావాలి. ప్రసార హక్కులు ఒక్కో దేశానికి ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి ఇక్కడ కట్టిన ప్యాక్ అక్కడ తెరుచుకోకపోవచ్చు. అక్కడి కార్డుతో పిల్లలే కట్టాలి. యప్ టీవీ లాంటివి విదేశాల్లో ఉన్న మనవాళ్ల కోసమే నడుస్తున్నాయి. ముందు పిల్లలను అడగండి, చాలా ఇళ్లలో ఏదో ఒకటి తీసుకునే ఉంటారు.

ఆ పెద్దమ్మకు టైం లెక్క కూడా రాసిచ్చాను. ఇక్కడ సాయంత్రం ఏడున్నర అంటే టెక్సాస్‌లో ఎండాకాలం పొద్దున తొమ్మిది, చలికాలం ఎనిమిది. దీపం పెట్టాక చూసే సీరియల్ అక్కడ ఇడ్లీల వేళకు వస్తుంది. ఇంటర్నెట్ యాప్‌లు టీవీలో చూడటానికి టీవీకి తగిలించే స్టిక్ ఒకటి ఉంటుంది. ఆ టీవీ స్టిక్ రిమోట్ మీద ఇంగ్లీషు గుర్తులు ఆమెకు అర్థం కాలేదు. తన పర్సులో నుంచే స్టిక్కర్ బొట్ల అట్ట తీసి, హోం బటన్ మీద ఎర్ర బొట్టు, వెనక్కి వెళ్లే బటన్ మీద పచ్చ బొట్టు అంటించింది. "దారి తప్పితే ఎర్రబొట్టు నొక్కాలి, అంతే కదా అబ్బాయ్" అంది. మూడు రోజులు వరసగా వచ్చి నేర్చుకుంది. మూడో రోజు నేను చెయ్యి పెట్టలేదు.

అందుకే ఒక మాట. మీ అమ్మానాన్నలు ప్రయాణమవుతుంటే ఓ వారం ముందు మా షాపుకు పంపండి. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు మాకు పని తక్కువ. స్టిక్ ఎక్కడ కొన్నా సరే, నేర్పించినందుకు డబ్బు తీసుకోను. అడాప్టర్ మీద 100-240 అని ఉందో లేదో కూడా చూసి పెడతాను, అమెరికాలో కరెంటు 120 వోల్టులే.

ఐదేళ్లకు ఒకేసారి కడితే అన్ని దేశాల చానళ్లూ వస్తాయని కొన్ని బాక్సులు తిరుగుతున్నాయి. అవి హక్కులు లేకుండా నడిపేవి. ఏ రోజు ఆగిపోతాయో అమ్మినవాడికే తెలియదు. నన్ను అడగొద్దు, తెప్పించను.

డబ్బు సంగతి. ఉదయగిరి తమ్ముడి డబ్బు వాళ్లమ్మ చేతికి ఇచ్చేశాను. అక్కడ కొన్న డిష్ ఖర్చు కూడా కలిపి ఇచ్చాను, నేను చెబితేనే కొన్నాడు కాబట్టి. మిగతా పది మందిలో ఏడుగురితో మాట్లాడాను. బిల్లు లేకపోయినా పర్వాలేదు, మా పుస్తకంలో పేర్లున్నాయి. బాక్సు వెనక్కి తేవాల్సిన పని లేదు. ముగ్గురి నంబర్లు మాత్రం కలవడం లేదు. మీ ఇంట్లోవాళ్లో మీ వీధివాళ్లో మా దగ్గర బాక్సు కొని విదేశం వెళ్లి ఉంటే షాపుకు వచ్చి ఒక్క మాట చెప్పండి.