పెరిగే సీట్లనైనా ఓట్ల శాతాన్ని బట్టి పంచాలి

సంపాదకులకు నమస్కారం.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు పడితే 175 సీట్లలో 23 వచ్చాయి. 2024లో వైసీపీకి పడిందీ 39 శాతమే, వచ్చినవి 11. తెలంగాణలో 2023లో కాంగ్రెస్‌కూ అదే 39 శాతం. అక్కడ 119కి 64 సీట్లొచ్చి అధికారమే దక్కింది. నేను ఏ పార్టీ తరఫునా రాయడం లేదు. పదిమందిలో నలుగురు వేసిన ఓట్లకు అసెంబ్లీలో పదిహేనో వంతు చోటు కూడా దక్కకపోతే, ఆ నలుగురి మాట సభలో ఎవరు వినిపిస్తారు? అదే నా బాధ.

ఎమ్మెల్సీ ఎన్నికల్లోలా ప్రాధాన్య ఓటు (అభ్యర్థులకు నచ్చిన వరుసలో 1, 2, 3 అంకెలు వేయడం) పెడితే సరిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. 2025లో కరీంనగర్-మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్ పట్టభద్రుల స్థానంలో సుమారు రెండున్నర లక్షల ఓట్లు పోలైతే 28 వేలకు పైగా చెల్లలేదు. వేసినవాళ్లంతా డిగ్రీ చదివినవాళ్లే! అంకె వేయాల్సిన చోట టిక్కు పెడితే ఓటు పోయినట్టే. ఆ టెన్షన్ మన ఊళ్లలోని ముసలివాళ్లకు ఎందుకు? పైగా ఆ పద్ధతిలోనూ నియోజకవర్గానికి గెలిచేది ఒక్కరే కాబట్టి సీట్ల లెక్క పెద్దగా మారదు.

నేపాల్ పద్ధతి నాకు నచ్చింది. అక్కడి ప్రతినిధుల సభలో 275 సీట్లుంటే 165 మందిని మనలాగే నియోజకవర్గాల నుంచి ఎన్నుకుంటారు. మిగతా 110 పార్టీలకు పడిన ఓట్లను బట్టి పంచుతారు. ఓటరు అభ్యర్థికో బ్యాలెట్, పార్టీకో బ్యాలెట్ మీద ముద్ర వేస్తే చాలు. అక్కడ ప్రభుత్వాలు తరచూ మారుతున్న మాట నిజమే. అందుకే మన దగ్గర ఇప్పుడున్న సీట్లను కదపమని నేను అడగడం లేదు.

విభజన చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సీట్లు 225కి, తెలంగాణలో 153కి పెరగాలి. పెరిగే ఆ 50, ఆ 34 సీట్లను పార్టీల ఓట్ల శాతాన్ని బట్టి పంచితే? 2024 ఓట్ల లెక్కన ఆంధ్రలో ప్రతిపక్షానికి ఇంకో 19 మందైనా వచ్చేవారు. 2019లో ఐదున్నర శాతం ఓట్లకు ఒక్క సీటే గెలిచిన జనసేనకు మరో ఇద్దరైనా దక్కేవారు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. లోక్‌సభ సీట్లు 25 శాతం పెంచి, వాటిని ఇలాగే నింపాలని లా కమిషన్ 1999లోనే సిఫార్సు చేసింది.

దీనికి రాజ్యాంగ సవరణ కావాలి. నియోజకవర్గాల పునర్విభజన పూర్తయ్యాక అడిగితే లాభం ఉండదు. రెండు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో ఇప్పుడే ఈ మాట ఎత్తాలని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ టీచర్, ఏలూరు