బెయిల్ వచ్చినా జైల్లోనే

సంపాదకులకు నమస్కారం.

జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా ఏ కోర్టూ శిక్ష వేయలేదు. వీళ్లలో బెయిల్ మంజూరయ్యాక కూడా బయటికి రాలేకపోయేవాళ్ల గురించి ఈ ఉత్తరం. బెంగళూరులో పని కోసం వచ్చిన మనవాళ్లకు ఈ కష్టం బాగా తెలుసు.

మా కె.ఆర్.పురం వైపు సెంట్రింగ్ పని చేసే అనంతపురం జిల్లా కుర్రాడొకడు చిన్న దొంగతనం కేసులో పరప్పన అగ్రహార జైలుకు వెళ్లాడు. తప్పు చేశాడో లేదో విచారణలో తేలుతుంది. బెయిలైతే వచ్చింది. వాళ్ల నాన్న పట్టాదారు పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని రాత్రి బస్సెక్కి వచ్చాడు. "ఇది నడవదు, ఇక్కడి పహణి ఉన్న శ్యూరిటీ కావాలి" అన్నాడు లాయరు గుమస్తా. పహణి అంటే కర్ణాటక భూమి రికార్డు, శ్యూరిటీ అంటే పూచీ పడే మనిషి. కన్నకొడుక్కి తండ్రి పూచీ పడతానంటే, భూమి పక్క రాష్ట్రంలో ఉందని చెల్లలేదు! రేకుల షెడ్డులో ఉండే కూలీకి ఈ ఊళ్లో పొలం ఉన్నవాళ్లు ఎవరు తెలుస్తారు? డబ్బులిస్తే నిలబడే శ్యూరిటీలు మాత్రం కోర్టు బయటే దొరుకుతారు. దొంగ కాగితాలతో పూచీ ఇచ్చే ముఠాలను ఇదే నగరంలో పోలీసులు పట్టుకున్న వార్తలూ చదివాం. తండ్రిని కాదని ఇలాంటివాళ్ల దగ్గరికి తోసే పద్ధతి మీదే నా కోపమంతా.

సుప్రీంకోర్టు ఈ సంగతి 1978లోనే మోతీరామ్ కేసులో తేల్చేసింది. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీని కింది కోర్టు పది వేలకు పూచీకత్తు అడిగి, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ పూచీని తోసిపుచ్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని గట్టిగా తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలేయమన్నారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది: బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ పేదలకు ఉచిత న్యాయ సహాయం చేసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి, నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించాలా అని కోర్టే తనంతట తాను చూడవచ్చు. లోకల్ శ్యూరిటీ పట్టుదల కూడా ఆలస్యానికి ఒక కారణమన్న సంగతినీ అందులో ప్రస్తావించింది. పేద విచారణ ఖైదీకి డబ్బు సాయం చేసే కేంద్ర పథకం కూడా ఆ ఏడాదే వచ్చింది; అప్పట్లో ఆ సాయం 40,000 రూపాయల దాకా. ఇన్ని ఉన్నా ఆ తండ్రికి ఒక్కటీ ఎవరూ చెప్పలేదు. ఉచితంగా లాయరును ఇస్తారన్న సంగతే ఆయనకు తెలియదు.

కర్ణాటక హైకోర్టు కింది కోర్టులకు ఒక స్పష్టమైన సర్క్యులర్ పంపాలి. ఆంధ్ర భూముల వివరాలు మీభూమి సైటులో ఎవరైనా చూసుకోవచ్చు, కాబట్టి పొరుగు రాష్ట్రపు పాసుపుస్తకాన్ని సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. ఏడు రోజుల నిబంధన ఎన్ని కేసుల్లో అమలైందో జైలు అధికారులు నెలనెలా బయటపెట్టాలి. జైలు ములాఖత్ గది దగ్గర, కోర్టు గుమ్మాల దగ్గర న్యాయ సహాయం నంబరు 15100ను కన్నడతో పాటు తెలుగు, తమిళం, హిందీల్లో రాసిపెట్టాలి. ఇక్కడి తెలుగు సంఘాల్లో లాయర్లకు కొదవలేదు. వారానికో పూట కూలీల షెడ్లకు వెళ్లి ఈ విషయాలు చెప్పమని వాళ్లను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కె.ఆర్.పురం, బెంగళూరు