హంతకుడు తేలకపోతేనేం?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ముగిసిన క్రైమ్ సీరియల్ మీద పాఠకుల ఉత్తరాలు చదివాను. హంతకుడెవరో తేల్చలేదని చాలామందికి కోపం. నాకు లేదు. ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ 1870లో చనిపోవడంతో 'ఎడ్విన్ డ్రూడ్' అనే మిస్టరీ నవల మధ్యలోనే ఆగిపోయింది. అక్కడ గత్యంతరం లేదు. ఇక్కడ రచయిత్రి కావాలనే ఆపారు, అది ఆవిడ ఇష్టం. కానీ పరుపు కింద దొరికిన తాళంచెవిని తుప్పుమరకతో సహా అంత వివరంగా చూపించి, మళ్లీ దాని ఊసే ఎత్తకపోవడం మాత్రం అన్యాయం.

ఇన్‌స్పెక్టర్ ఎవరినీ మాట పూర్తి చేయనివ్వడు, అతను నాకు ఏ వారమూ నచ్చలేదు. చనిపోయిన అక్క ఫోన్‌కి రోజూ ఛార్జింగ్ పెట్టే ఆ చెల్లెలు మాత్రం ఇంకా కళ్లముందే ఉంది. పుస్తకంగా వేసేటప్పుడైనా ఆ తాళం ఏ తలుపుదో రాయమని రచయిత్రితో చెప్పండి.

– ఒక పాఠకురాలు