అమియోడరోన్ వాడేవారి పరీక్షల బాధ్యత ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్ మాత్ర గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆదుకునే మందు ఇది, దాని విలువ నాకు తెలుసు. ఆసుపత్రిలో మొదలుపెట్టిన ఈ మాత్రను ఎన్నాళ్లు వాడాలో, మధ్యలో ఏ పరీక్షలు చేయించాలో, ఆ రిపోర్టులు ఎవరు చూడాలో చీటీలో రాయకుండానే రోగిని ఇంటికి పంపేస్తున్నారు. నా బాధ అది.

మా మామగారికి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో మాత్ర పేరు, 'రోజుకొకటి' అన్న మాట తప్ప మరేమీ లేవు. అదే చీటీ మీద ఏళ్ల తరబడి మందు దొరుకుతూనే వచ్చింది. పొడిదగ్గు, ఆయాసం మొదలైతే దగ్గు మందులే రాశారు. చివరికి ఒక డాక్టరుగారు వాడే మందులన్నీ తెప్పించి చూశాకే, ఊపిరితిత్తులు దెబ్బతినడానికి ఈ మాత్ర కారణం కావచ్చన్న అనుమానం వచ్చింది.

ఈ మందు కొవ్వులో, లివర్‌లో, ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. వాడటం మానేశాక ఒంట్లోంచి సగం పోవడానికే సగటున రెండు నెలలు పడుతుంది. పైగా దాని బరువులో సుమారు 37 శాతం అయోడిన్. 200 మిల్లీగ్రాముల మాత్రలో దాదాపు 75 మిల్లీగ్రాములన్నమాట. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే, అంటే 0.15 మిల్లీగ్రాములు. మాత్రలోని అయోడిన్‌లో పదో వంతు విడుదలైనా అవసరానికి ఎన్నో రెట్లు. అందుకే కొందరికి థైరాయిడ్ మందగిస్తుంది, కొందరికి అతిగా పనిచేస్తుంది. అతిగా పనిచేసినప్పుడు గుండె లయ మళ్లీ చెడుతుంది. థైరాయిడ్ పరీక్ష చేయించకపోతే, మందు చాలడం లేదనుకుని మోతాదు పెంచే ప్రమాదం ఉంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

మాత్ర మొదలుపెట్టే ముందే థైరాయిడ్, లివర్, పొటాషియం పరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే చేయించాలి. తర్వాత ఆరు నెలలకోసారి థైరాయిడ్, లివర్ పరీక్షలు తప్పవు. ఎక్స్‌రే ఏటా తీయాలా, లక్షణాలు కనిపిస్తేనే తీయాలా అన్న విషయంలో దేశానికో పద్ధతి ఉంది. కొత్తగా దగ్గు, ఆయాసం వచ్చినా, చూపు మసకబారినా మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఇతర మందులతో పేచీ కూడా చిన్నది కాదు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మోతాదును సాధారణంగా మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించాల్సి వస్తుంది. ఆ ప్రభావం వారాల తరబడి పెరుగుతూ పోతుంది కాబట్టి రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ఒక్కసారి చూసి వదిలేస్తే సరిపోదు. గుండెకు వాడే మరో మందు డిగాక్సిన్ మోతాదును సగానికి తగ్గించాలి. కొలెస్ట్రాల్ మాత్ర సిమ్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు.

అమెరికాలో 1985లో అమియోడరోన్‌కు అనుమతి ఇచ్చింది, వేరే మందులకు లొంగని ప్రాణాంతక లయ దోషాలకే. ఇప్పుడు గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు కూడా విరివిగా రాస్తున్నారు. కొన్నిసార్లు అవసరమే కావచ్చు. కానీ గుండె ఆపరేషన్ తర్వాత కొద్ది వారాల కోసమని మొదలైన మాత్ర, ఆపమని చెప్పే దిక్కులేక ఏళ్లు సాగితే ఆ తప్పు రోగిది ఎలా అవుతుంది?

అందుకే ఈ మందు రాసే ప్రతి చీటీలో ఎందుకు ఇస్తున్నారు, ఎప్పటివరకు, తర్వాతి పరీక్ష ఏ తేదీన, రిపోర్టు చూసే డాక్టరు ఎవరు అన్నవి ఉండాలని కోరుతున్నాను. ఆసుపత్రులు ఇది నియమంగా పెట్టుకోవాలి. మందుల షాపులో మళ్లీ కొనేటప్పుడు, చివరి పరీక్ష ఎప్పుడు చేయించారని ఫార్మసిస్టు అడగాలి. పరీక్ష జరగలేదంటే మందు ఇవ్వకుండా తిప్పి పంపడం మాత్రం సరికాదు, డాక్టరుకు తెలియజేయాలి.

ఈ ఉత్తరం చదివి దయచేసి ఎవరూ సొంతంగా మాత్ర ఆపేయవద్దు. అది ప్రాణం మీదికి తేవచ్చు. వాడే మందులన్నీ తీసుకెళ్లి, చివరి థైరాయిడ్, లివర్ రిపోర్టులు ఎప్పటివో చూడమని మీ డాక్టరును అడగండి.

– ఒక పాఠకురాలు